పసుపు పట్టిన బాయిలర్

మా బామ్మర్దికి ఒక రంగులరాట్నం ఉండేది. నాలుగు గుర్రాలు, నాలుగు ఏనుగులు, నడుమ ఇనుప స్తంభం. కరెంటు లేదు, మోటారు లేదు, చేత్తో తిప్పడమే. కమ్మర్‌పల్లి నుంచి దాన్ని విప్పి లారీలో వేసుకుని ఎక్కడ జాతర జరిగితే అక్కడికి పోయేవాడు. తొంభైల్లో మా వైపు జాతరల్లోకి కరెంటుతో తిరిగే పెద్ద రాట్నాలు వచ్చాయి. కాస్త ఎదిగిన పిల్లలంతా వాటి దగ్గరికి చేరారు. వాడి గుర్రాల మీద తల్లి చెయ్యి పట్టుకోకుండా కూర్చోలేని చంటివాళ్ళే మిగిలారు.

ఒకరోజు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "బావా, రైలు కొంటున్న," అన్నాడు.

నిజం రైలే. బొగ్గుతో, ఆవిరితో నడిచేది. కాకపోతే మంచమంత పొడవు, జానెడు వెడల్పు పట్టాల మీద నడుస్తుంది. వెనక చిన్న పెట్టెలు తగిలిస్తే ఒక్కో పెట్టెలో ఇద్దరు పిల్లలు కాళ్ళు చెరో పక్కకు వేసి కూర్చోవచ్చు. బోధన్ దగ్గర కాలువ కింద చెరకు వేసే ఒక పెద్దాయన మనవళ్ళ కోసం చేయించుకున్నాడట. మనవళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ఇప్పుడు అమ్ముతున్నాడు. కరెంటు రాట్నం పక్కన ఆవిరి రైలు నిలబెడితే పిల్లలు ఎటు పోతారో చూడమన్నాడు మా వాడు. వాడి లెక్క తప్పు కాదు. రైలు కూత వినబడితే నేనైనా అటే పోతాను.

"నువ్వొచ్చి ఒకపారి సూడు. నువ్వు సరే అంటే తెస్త," అన్నాడు. మా ఇంటావిడ వంటింట్లో నుంచి నా వైపు ఒక చూపు చూసింది. తన తమ్ముడి కడుపు నిండే పని, కాదనకు అని దాని అర్థం.

నన్ను పిలవడానికి కారణం ఉంది. నాది కాంటాల పని. గంజ్ మార్కెట్‌యార్డులో పసుపు తూచే కాంటాలు, తరాజులు, తూకపు రాళ్ళు సరిచేస్తాను. చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. ఉప్పుడు బియ్యం మిల్లులవాళ్ళు బాయిలర్ ప్రెషర్ గేజ్‌లు నాకే ఇచ్చేవారు. వాటిని పరీక్షించడానికి ఒక సాధనం స్వయంగా చేసుకున్నాను. ఇత్తడి గొట్టంలో నూనె, నూనె మీద ఒక పిస్టన్, పిస్టన్ మీద తూకపు రాళ్ళు. పిస్టన్ అడుగు చదరపు అంగుళంలో సరిగ్గా ఎనిమిదో వంతు. దాని మీద పది పౌండ్ల బరువు పెడితే కింద నూనెలో చదరపు అంగుళానికి ఎనభై పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. ఆ నూనెకు గేజ్ తగిలించి ముల్లు ఎక్కడ నిలిచిందో చూస్తే దాని గుణం తెలిసిపోతుంది. మిల్లుల్లో ఏటా బాయిలర్లకు చేసే నీటి పరీక్ష చూసీ చూసీ అదీ వంటబట్టింది.

వెళ్ళేసరికి పెద్దాయన ఇంటిముందు కళ్ళం చుట్టూ పట్టాలు, వాటి మీద ఆకుపచ్చ రంగు ఇంజన్ మెరుస్తోంది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నలభై ఏళ్ళయినా మాట అటుదే.

"రండి రండి. బొగ్గులు పేర్చి ఉంచాను. అగ్గిపుల్ల గియ్యడమే తరువాయి," అన్నాడు పెద్దాయన.

"అగ్గి వద్దు పెద్దాయనా. ఇయ్యాల నీళ్ళే," అన్నాను.

"నీళ్ళతో రైలెలా నడుస్తుందండీ?"

మా బామ్మర్ది నవ్వాడు. "మా బావ గంతే పెద్దాయనా. పెండ్లిసూపులకు వచ్చినప్పుడు గూడ మా అక్క ఎత్తు కొలిసిండు."

"అయిదడుగుల రెండంగుళాలు. మీవాళ్ళు అబద్ధం చెప్పలేదు," అన్నాను.

పెద్దాయన భార్య మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. "తొందరగా తీసుకుపోండి బాబూ," అంది. "మనవళ్ళు ఈ ఏడే కాలేజీలకు పోయారు. ఈయనొక్కరే దాని మీదెక్కి కళ్ళం చుట్టూ తిరుగుతుంటే కూలీలు పని మానేసి చూస్తున్నారు."

నేను అగ్గి ఎందుకు వద్దన్నానో మా వాడికి చెప్పడం అవసరమనిపించింది, ఎందుకంటే రేపు దాన్ని నడిపేది వాడే. బాయిలర్ రాగిది, ఆరంగుళాల వ్యాసం. నడిపే ఒత్తిడి ఎనభై పౌండ్లు. దాని చివర మూసే ఆరంగుళాల గుండ్రని పలకకు ఇరవై ఎనిమిది చదరపు అంగుళాలు. ఎనభైతో గుణించమన్నాను.

"నాకెందుకు, నువ్వే జెప్పు."

"రెండువేల రెండువందల నలభై పౌండ్లు. అంటే పది క్వింటాళ్ళు. నువ్వు కూసునే దిక్కు పది క్వింటాళ్ళు లోపల్నుంచి నూకుతుంటయి."

వాడు ఇంజన్ వెనక భాగాన్ని ఒకసారి చూసి, కాలు కాస్త పక్కకు పెట్టాడు.

ఆవిరితో పరీక్షిస్తే తప్పు బయటపడే పద్ధతి మనకు పనికొచ్చేది కాదు. రాగి చీలిన క్షణంలో లోపలి వేడినీళ్ళు ఒక్కసారిగా ఆవిరై వందల రెట్లు ఉబ్బుతాయి. చన్నీళ్ళు అలా కాదు. నొక్కితే నలగవు, వదిలితే ఉబ్బవు. గాలి లేకుండా బాయిలర్ నిండా చన్నీళ్ళు నింపి పంపుతో ఒత్తిడి పెంచితే, బలం లేనిచోట నాలుగు చుక్కలు కారి గేజ్ ముల్లు పడిపోతుంది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాదు. సెకండ్‌హ్యాండ్‌లో బాయిలర్ కొనేవాడు మొదట అడగాల్సింది ఈ పరీక్షే. రంగు, కూత, చక్రాల తళుకు తర్వాత చూసుకోవచ్చు.

ముందు గేజ్ విప్పి నా సాధనానికి తగిలించాను. ఎనభై దగ్గర డెబ్బై తొమ్మిది చూపించింది. ఒక పౌండు తేడా నేను పట్టించుకోను. మళ్ళీ బిగించి, బాయిలర్ నింపి, ఇంజన్ వెనక నీళ్ళ పెట్టెలో ఉన్న చేతిపంపు మీద కూర్చున్నాను. ఎనభై దగ్గర సేఫ్టీ వాల్వ్ లేచి నీళ్ళు వదలాలి. ఒత్తిడి హద్దు దాటకుండా కాపలా కాసేది అదొక్కటే. ముల్లు ఎనభై దాటింది. ఎనభై అయిదు. తొంభై. వాల్వ్ దగ్గర తడి కూడా కాలేదు. పంపు ఆపేశాను.

"సూసినవా బావా, ఎంత గట్టిగుందో!"

పెద్దాయన కూడా సంతోషించాడు. "మొదట్లో ఊరికే బుస్సుమనేదండీ. సగం ఆవిరి గాలికే పోయేది. రెండు మూడేళ్ళుగా అసలు నోరెత్తడం లేదు."

నోరెత్తని సేఫ్టీ వాల్వ్‌ను మెచ్చుకోవడం నాకు చేతకాదు. దాన్ని విప్పాను. లోపల ఒక చిన్న గోళీ, దాన్ని అదిమిపట్టే స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు తీసేశాక కూడా గోళీ కదల్లేదు. దాని చుట్టూ గట్టిపడిన మడ్డి, లక్క అంటించినట్టు. స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం గీకి, అరచేతిలో తడిపి రుద్దాను. పైకి నల్లగా ఉన్నా చర్మం మీద పచ్చగా దిగింది. పొద్దున నీళ్ళమట్టం చూపే గాజుగొట్టం అడుగున కూడా ఒక పచ్చని జీర చూసి పాత నూనె మరక అనుకున్నాను.

చెయ్యి మా బామ్మర్ది ముక్కు దగ్గర పెట్టాను. "ఇదేంది?"

వాసన చూశాడు. పసుపు పండే ఊరివాడు, తడుముకోలేదు. "పసుపు."

"పెద్దాయనా, బాయిలర్ల పసుపు పోసిండ్రా?"

"పోశానండీ," అన్నాడాయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "కొద్దిగా కారుతుంటే పోశాను. ట్రాక్టర్ రేడియేటర్ కారితే పొయ్యమా? ఇక్కణ్ణుంచి నాందేడ్ దాకా ఏ లారీ డ్రైవర్నైనా అడగండి."

ఆయన చెప్పింది నిజమే. దారిలో రేడియేటర్ కారితే మా వైపు డ్రైవర్లు గుప్పెడు పసుపు పోసి ఇంటికి చేరతారు. పొడి నీళ్ళతో పాటు తిరిగి, చిల్లి దగ్గర చేరి, ముద్దకట్టి మూసేస్తుంది. అయితే రేడియేటర్‌లో ఒత్తిడి పది పదిహేను పౌండ్లకు మించదు. అదీ మెకానిక్ దగ్గరికి చేరేవరకే. బాయిలర్‌లో ఎనభై. ఇంకో చిక్కు, పసుపుకు చిల్లి ఏదో వాల్వ్ ఏదో తెలియదు. సందు దొరికిన చోటల్లా దూరి కూర్చుంటుంది.

"ఎక్కడ కారింది?"

"పొయ్యిలోనే ఎక్కడో. నిప్పుల మీద తడిపడి చుయ్యిమనేది. గుప్పెడు పోస్తే ఆగింది. మళ్ళీ కారితే మళ్ళీ పోశాను."

"ఆగింది గద బావా," అన్నాడు మా వాడు. "వాల్వ్ కడిగితే అయిపాయె. ఇంకేంది?"

వాల్వ్ రంధ్రానికి బిరడా బిగించి, అసలు పరీక్ష చేశాను. నడిపే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, నూట ఇరవై. ముల్లు అక్కడికి ఎక్కి నిలబడింది. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి వచ్చి చూసినా అక్కడే ఉంది. టార్చి వేసి పొయ్యిలో చూశాను, పొడిగా ఉంది.

మా బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. "నూట ఇరవై! నడిపేది ఎనభైకి. ఇంక నలభై మిగులుడే ఉన్నది. లెక్క నీదే బావా. పెద్దాయనా, మీ ట్రాలీ ఖాళీగ ఉన్నదా?"

"ఆగు. లెక్క నాదే. గని నేను కొలిసింది రాగినా, పసుపునా?"

వాడు చేతులు దించాడు. నాకు ఆ ప్రశ్న తేలకుండా అక్కణ్ణుంచి కదిలే ఉద్దేశం లేదు. తూకంలో రాయికి అడుగున మట్టి అంటుకుని ఉంటే ముందు మట్టి గీకుతాం, తర్వాతే తూస్తాం. బాయిలర్ లోపలి పసుపంతా కడిగి మళ్ళీ పరీక్ష పెట్టాలన్నాను. దేనితో కడగాలన్నది పెద్దావిడ చెప్పింది.

"రాగి బిందె దేంతో తోముతాం? చింతపండుతోనే కదా."

పెద్ద గుండిగలో చింతపండు పులుసు మరగబెట్టి బాయిలర్‌లో పోశాం. మా వాడు మొహం మాడ్చుకుని నీళ్ళు మోశాడు. "రైలుకు పులుసు పెడుతున్నవా బావా? ఊరంత నవ్వుతరు."

"పసుపు ఆయన ముందే వేశారు," అంది పెద్దావిడ. "ఇప్పుడు చింతపండు పడింది. అన్నం కలిపితే పులిహోర."

ఆ పులుసు అలాగే నిలవ ఉంచి, మర్నాడు మళ్ళీ వెళ్ళి, అడుగు బిరడా తీశాం. ముందు గోధుమరంగు బురద, తర్వాత పచ్చని నీళ్ళు వచ్చాయి. బోరు మోటారు గొట్టం పెట్టి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాం. మళ్ళీ నింపి, మళ్ళీ పంపు మీద కూర్చున్నాను. యాభై దాకా ముల్లు బాగానే ఎక్కింది. అరవై దగ్గర నేను నొక్కినంత ఎక్కలేదు. డెబ్బై చూపించి, చెయ్యి ఆపగానే వెనక్కి జారింది.

పొయ్యిలోకి చిన్న అద్దం, టార్చి పెట్టి చూశాను. దారం పోగంత సన్నటి నీటిధార అడ్డంగా చిమ్ముతోంది.

ఆ చోటు గురించి చెప్పాలి. బాయిలర్ ఒళ్ళు గుండ్రం కాబట్టి ఒత్తిడిని దానంతట అదే ఆపుకుంటుంది. పొయ్యి గోడలు బల్లపరుపు పలకలు. వాటికి ఉబ్బే గుణం ఉంటుంది. అందుకే లోపలి పలకనూ బయటి పలకనూ కలిపి పొట్టి రాగి కడ్డీలు వరసగా బిగిస్తారు. ఒక్కో కడ్డీ వంతుకు చదరపు అంగుళమున్నర వస్తుంది, అంటే నూట ఇరవై పౌండ్లు. ధార చిమ్మే చోట అందులో ఒకటి చిట్లింది. దాని బరువు పక్క కడ్డీలు పంచుకుంటున్నాయి. అవి అలసినప్పుడు ఒకటి కాదు, వరసంతా పోతుంది.

అది విని మా బామ్మర్ది ఇంజన్ పక్కన చతికిలబడ్డాడు. "సగం ప్రెషర్‌తోని నడుపుత," అన్నాడు.

"సగమని నువ్వంటవు. పొయ్యికి ఎట్ల తెలుస్తది?"

"ముందల జాతర ఉన్నది బావా. జాగ మాట్లాడి పెట్టిన. నీకేంది, గంజ్ల నీ కాంటాలు నీకున్నయి. నా గుర్రాలెక్కెటోడు లేడు. ఇది కాదంటే మళ్ళ గా స్తంభం పట్టుకొని తిరుగాలె నేను."

నేను మెత్తబడలేదు. మెత్తబడితే వాడికే నష్టం.

"ఇంజన్ ఎనకాల మొదటి పెట్టె ఎంత దూరముంటది?"

"మూరెడు."

"అండ్ల ఎవరు కూసుంటరు?"

జవాబు పెద్దాయన నుంచి వచ్చింది. "మా మనవళ్ళు కూర్చున్నారండీ," అన్నాడు. "ఈ మూడేళ్ళూ దసరాకి, సంక్రాంతికి, వచ్చినప్పుడల్లా. ముందు పెట్టె నాదంటే నాదని కొట్టుకునేవారు."

పెద్దావిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అరుగు మీద కూర్చున్న ఆయన లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, అద్దంలో తనూ ఆ ధారను చూశాడు.

"దీన్ని చేసినతను ఫ్యాక్టరీలో రాగిపని చేసి రిటైరయ్యాడు. బోధన్‌లోనే ఉన్నాడు," అన్నాడు. "కడ్డీలు మార్పిస్తాను. మార్చకుండా మీకే కాదు, ఎవరికీ ఇవ్వను."

"వెండి టాకాతో అతకమనుండ్రి. గిన్నెలకు వేసే సీసం టాకా వేడికి కరుగుతది," అన్నాను. తర్వాత మా వాడివైపు తిరిగాను. "కొనొద్దంటలేను. ఇయ్యాల కొనొద్దంటున్న."

తిరుగుదారిలో బస్సులో వాడు నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ జాతరకు రాట్నమే తీసుకుపోయాడు. మా ఇంట్లోనూ కొన్నాళ్ళు నాతో అవసరమైన మాటలే నడిచాయి. "నా తమ్మునికి ఒక్కనాడన్న సరే అన్నవా?" అని మా ఇంటావిడ అడిగితే, "పసుపు కడిగినంక అంట," అన్నాను. ఆమెకు అప్పటికి సంగతి పూర్తిగా తెలియదు. తెలిశాక ఇక అడగలేదు.

చెరకు గానుగ మొదలయ్యే రోజుల్లో పెద్దాయన నుంచి కబురొచ్చింది. చిట్లినదానితో పాటు దాని పక్కవి రెండూ మార్పించాడు. బాయిలర్‌కు టాకా వేడి తగిలింది, కొత్త అతుకు పడింది కాబట్టి ఈసారి కొత్తదాని లెక్కే పెట్టాను. ఎనభైకి రెట్టింపు, నూట అరవై. ముల్లు నిలిచింది. అద్దంలో పొయ్యి గోడలు ఎర్రగా, పొడిగా కనిపించాయి. ఈసారి నేను కొలిచింది రాగినే. వాల్వ్ గోళీని, అది కూర్చునే అంచును సరిచేసి, స్ప్రింగును ఎనభైకి బిగించాను.

అప్పుడు మాత్రం, "అగ్గి పెట్టుండ్రి," అన్నాను.

పొయ్యి రాజుకుంది. మా బామ్మర్దిని నడిపే పీట మీద కూర్చోబెట్టి, నేను వాడి వెనక మొదటి పెట్టెలో కూర్చున్నాను. ఇంజన్‌ను కదలనివ్వలేదు. ఆవిరి వాడకుండా బొగ్గు వేస్తూ పొమ్మన్నాను. పొయ్యి ఎంత మండినా వాల్వ్ ఒక్కటే ఒత్తిడిని ఆపగలదా అన్నది ఆఖరి పరీక్ష. ఎనభైకి పదో వంతు కలిపితే ఎనభై ఎనిమిది. ముల్లు దాన్ని దాటకూడదు.

డెబ్బై. డెబ్బై అయిదు. ఎనభై.

వాల్వ్ లేచింది. మేమిద్దరం ఎన్నడూ ఆ చప్పుడు అంత దగ్గర్నుంచి వినలేదు. మనిషి ఎత్తున తెల్లటి ఆవిరి, చెవులు చిల్లులు పడే మోత. కట్టేసిన బర్రె పలుపు తెంపుకుంది. ఆవిరి కాస్త పక్కకు తొలిగేసరికి నా ముందు పీట ఖాళీగా ఉంది.

నేను ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. ఎనభై రెండు. ఎనభై మూడు. ఎనభై మూడు. అక్కడే ఆగింది.

గడ్డివాము వెనక నుంచి గొంతు వినిపించింది. "బావా! పేలిందా?"

"పేలలేదురా! నోరు తెరిసింది!"

పెద్దావిడ అరుగు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వాడు నెత్తిలో గడ్డిపోచలతో వచ్చి, కాస్త దూరంలోనే నిలబడి గేజ్ చూశాడు.

"తగ్గుతదా?"

"ఎనభై కిందికి రాంగనే మూసుకుంటది. సూడు."

చూశాడు. కాసేపటికి వాల్వ్ టప్పుమని మూసుకుంది. వాడు పీటెక్కి కూర్చుని, నేను చెప్పకుండానే ఇంకో రెండు పారల బొగ్గు వేశాడు. ముల్లు పాకుతుంటే పిడికిళ్ళు బిగించి కూర్చున్నాడు. వాల్వ్ మళ్ళీ గట్టిగా లేచింది. వాడు కళ్ళు మూసుకున్నాడు గానీ కదల్లేదు.

ఆవిరి ఆగాక, "పెద్దాయనా, ట్రాలీ తోలుండ్రి," అన్నాడు. నావైపు తిరిగి, "అక్కకు నువ్వే చెప్పు. కొన్నమని చెప్పు. గడ్డివాము ముచ్చట చెప్పకు."

కొన్నామనే చెప్పాను. గడ్డివాము ముచ్చట వాడే చెప్పుకున్నాడు, ఆ తర్వాత పోయిన ప్రతి జాతరలో. ముందు పెట్టెలో పిల్లలు సర్దుకుని కూర్చున్నాక, వాళ్ళ తల్లుల వైపు తిరిగి చెయ్యెత్తి చెప్పేవాడు.

"నడుమ ఇది గట్టిగ మొత్తుకుంటది. భయపడకుండ్రి. మొత్తుకుంటేనే మంచిది. మొదటిసారి నేను గూడ ఉరికిన!"